వెన్నుపూసలో ఫంగస్, రిపోర్టులో ‘ఆర్’: మందు మార్చే ముందు చూడాల్సినవి

విభాగం: ఎముకలు, కీళ్లు, ఇన్ఫెక్షన్లు
జిల్లాలు: ఓరుగల్లు, కరీంనగర్, ఆదిలాబాద్ చుట్టుపక్కల

కాజీపేట_జంక్షన్ · సోమవారం రాత్రి 9:10

అందరికీ నమస్తే. వెన్నుపూస బయాప్సీలో కాండిడా అనే ఫంగస్ పెరిగింది, సెన్సిటివిటీలో (ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్షలో) ఫ్లూకొనజోల్ ఎదురుగా ‘ఆర్’, అంటే రెసిస్టెంట్, లొంగదు అని పడింది. అప్పుడు జిల్లా స్థాయిలో మనం చేయాల్సిన పని ఏ వరుసలో ఉండాలి? ఇట్లాంటి పేషెంట్లు మన దాకా వచ్చేసరికి టీబీ గోలీలు మూడు నాలుగు నెలలు మింగి ఉంటారు. వాటిని ఆపాలా, నడపాలా? ఏ మందు ఎంత డోసు, ఎన్నాళ్లు, కత్తి పెట్టాల్సింది ఎప్పుడు? కేసుల కథలు వద్దు, పనికొచ్చే వివరం రాయండి. పేషెంటు పేరు కనిపించే ఫిల్ములు, రిపోర్టులు పెట్టకండి.

సబురాడ్_ప్లేటు · సోమవారం రాత్రి 9:48

‘ఆర్’ చూడగానే మందు మార్చకండి. ఆ అక్షరం పక్కన ఉండాల్సినవి రెండు: జాతి పేరు, ఎంఐసీ అంకె (ఫంగస్ పెరగకుండా ఆపే కనీస మందు మోతాదు). ఉత్త ‘కాండిడా స్పీసీస్, ఫ్లూకొనజోల్ ఆర్’ అనే రిపోర్టుతో ఏ నిర్ణయమూ తీసుకోలేం. ల్యాబ్‌కి ఫోన్ చేసి అడగండి.

జాతి ఎందుకంటే, కాండిడాలో క్రూసీ అనే జాతికి ఫ్లూకొనజోల్ పుట్టుకతోనే పనిచేయదు, దానికి సెన్సిటివిటీ పెట్టడమే దండగ. గ్లాబ్రాటా ‘డోసు పెంచితే వినొచ్చు’ అనే గుంపులో ఉంటుంది, చికిత్స మధ్యలో మొండికేయడం కూడా దానికి అలవాటు. పారాప్సిలోసిస్‌కి ఎకినోకాండిన్ల (కాస్పోఫంగిన్, మైకాఫంగిన్ లాంటి సూది మందుల) ఎంఐసీ సహజంగానే కాస్త ఎక్కువ. ఆరిస్ సంగతి వేరు. 2009లో జపాన్‌లో ఒక పేషెంటు చెవి స్రావంలో దొరికిన జాతి అది, ఇప్పుడు మన ఐసీయూల్లోనూ ఉంది. అందులో ఎక్కువ భాగం ఫ్లూకొనజోల్‌కి లొంగదు, కొంత ఆంఫోటెరిసిన్ సూది మందుకీ లొంగదు.

జాతిని గుర్తుపట్టి ఎంఐసీ చెప్పే వైటెక్ మిషన్‌లో పాత సాఫ్ట్‌వేర్ ఉంటే అది ఆరిస్‌ని ‘కాండిడా హీములోని’ అని చూపిస్తుంది. హీములోని అని వస్తే మాల్డీటాఫ్ (ప్రొటీన్లను బట్టి జాతి చెప్పే మిషన్) ఉన్న చోటికి పంపి పేరు ఖాయం చేసుకోవాలి. వైటెక్ ఆరిస్‌కి ఆంఫోటెరిసిన్ ఎంఐసీని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది కూడా. ఎంఐసీ కొలిచే వేరే పద్ధతులైన ఈ–టెస్ట్‌తో గానీ బ్రాత్ డైల్యూషన్‌తో గానీ మళ్లీ చూసుకోకుండా ‘ఆంఫో ఆర్’ అని రాసేస్తే ఉన్న మందుల్లో ఒకటి చేజేతులా పోగొట్టుకున్నట్టే. ఆరిస్‌కి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ తాత్కాలికంగా పెట్టిన ఎంఐసీ హద్దులు (మి.లీ.కి మైక్రోగ్రాముల్లో) ఇవి: ఫ్లూకొనజోల్ 32 లేదా పైన, ఆంఫోటెరిసిన్ 2 లేదా పైన, కాస్పోఫంగిన్ 2 లేదా పైన, మైకాఫంగిన్, అనిడులాఫంగిన్ 4 లేదా పైన ఉంటే ‘ఆర్’ అనుకోవాలి.

ఇంకో మోసం ట్రాపికాలిస్‌ది. పరీక్ష ప్లేటులో మందు ఉన్న గుంటల్లోనూ సన్నగా, మబ్బు పట్టినట్టు పెరుగుతూ ఉంటుంది. దీన్ని ట్రెయిలింగ్ అంటాం. 24 గంటలకు, మందు లేని గుంటతో పోల్చి పెరుగుదల సగానికి తగ్గిన చోట చదవాలి. 48 గంటలకు చదివితే వినే ఫంగస్‌కీ ‘ఆర్’ పడుతుంది.

అనుమానం తీరకపోతే చండీగఢ్ పీజీఐలో ఫంగస్‌ల జాతీయ కల్చర్ కలెక్షన్ ఉంది. కల్చర్ ప్లేటు పారేయకుండా స్లాంట్ (దాచే గొట్టం) మీదకి ఎక్కించి దాచమని మీ ల్యాబ్‌కి చెప్పండి. పది రోజుల తర్వాత ‘ఆ కల్చర్ ఉందా’ అని అడిగితే ఆటోక్లేవ్‌లో ఉడికిపోయి ఉంటుంది.

ఎల్ఫోర్_ఎల్ఫైవ్ · సోమవారం రాత్రి 10:25

ప్లేటు దాకా ముక్క బతికి రావడమే మన దగ్గర పెద్ద సమస్య. అది ముందు మాట్లాడుకుందాం.

సీటీ లేదా సీ–ఆర్మ్ (కదిలే ఎక్స్‌రే మిషన్) కింద, పెడికిల్ (పూస వెనక ఉన్న ఎముక కాడ) గుండా, 11 గేజ్ జంషీది సూది. గురి పూస నడిమధ్యకి పెడితే వట్టి రక్తం, మంచి ఎముక వస్తాయి. ఎండ్‌ప్లేట్ (డిస్క్‌ని ఆనుకున్న పూస పొర) కొరికినట్టున్న అంచు, దాన్ని ఆనుకున్న డిస్క్ తగలాలి. సూది బయటికి తీసి స్టైలెట్‌తో (లోపలి కడ్డీతో) తోస్తే సెంటీమీటరు, సెంటీమీటరున్నర పొడవు ముక్క జారి పడుతుంది. సరిగ్గా అప్పుడే టేబుల్ పక్కనున్న మనిషి అలవాటు కొద్దీ ఫార్మలిన్ సీసా మూత తీస్తాడు. ముక్క అందులో పడ్డ క్షణం నుంచి కల్చర్ లేదు, సెన్సిటివిటీ లేదు. అందుకే ఫార్మలిన్ సీసాను ముక్కలన్నీ పంచేదాకా గదిలోకే రానివ్వకూడదు.

కనీసం నాలుగు ముక్కలు, వీలైతే ఆరు. రెండు ముక్కలు స్టెరైల్ డబ్బాలో ఒకటి రెండు మి.లీ. సెలైన్‌తో గ్రామ్ స్టెయిన్‌కి, మామూలు కల్చర్‌కి, ఫంగస్ కల్చర్‌కి. ఒకటి సీబీనాట్‌కి (టీబీ క్రిమి జన్యు పరీక్షకి), టీబీ కల్చర్‌కి. ఒకటి ఆఖరున ఫార్మలిన్‌లో హిస్టోపాథాలజీకి, ఫంగస్‌ని చూపించే ‘జీఎంఎస్, పీఏఎస్ రంగులు వేయాలి’ అని కాగితం మీద రాసి. రాయకపోతే వేయరు. చీము ఉంటే సిరంజిలో పంపండి, స్వాబ్ పుల్ల మీద కాదు.

పేషెంటు కాళ్లు కదులుతున్నాయి, సెప్సిస్ లేదు అంటే యాంటీబయాటిక్‌లు, యాంటీఫంగల్‌లు ఒకటి రెండు వారాలు ఆపి బయాప్సీ చేస్తే కల్చర్ పెరిగే అవకాశం బాగుంటుంది. కాళ్లలో బలం తగ్గుతుంటే ఈ లెక్క చెల్లదు, అదే రోజు ఆపరేషన్, ముక్క అక్కడే తీసుకోవచ్చు.

సబురాడ్_ప్లేటు · సోమవారం రాత్రి 10:41

ఎల్ఫోర్ సార్ చెప్పినదానికి రెండు మాటలు కలుపుతా. ఫంగస్ ముక్కని ఫ్రిజ్‌లో పెట్టొద్దు, మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) జాతులకు చలి పడదు. గది ఉష్ణోగ్రతలో రెండు గంటల్లోపు ల్యాబ్‌కి. మే నెలలో ఓరుగల్లు గది ఉష్ణోగ్రత అంటే ఏమిటో మనకు తెలుసు కాబట్టి బండి డిక్కీలో పెట్టకండి, చేతిలో పట్టుకొని రండి.

ల్యాబ్ వాళ్లకు: మ్యూకర్ అనుమానం ఉంటే ముక్కని నూరొద్దు, బ్లేడుతో సన్నగా కోయండి. అది పెరిగే దారాలకు (హైఫాలకు) అడ్డు గోడలు ఉండవు, నూరితే లోపలి సరుకంతా కారిపోయి చస్తుంది. కేఓహెచ్‌లో (మైక్రోస్కోపు కింద వెంటనే చూసే పరీక్షలో) దారాలు కనిపించి కల్చర్ పెరగలేదు అంటే చాలాసార్లు కారణం ఇదే. ప్లేట్లు నాలుగు వారాలు ఉంచాలి.

ఫిల్ముల_పెట్టె · మంగళవారం ఉదయం 7:15

ఎంఆర్ఐ వైపు నుంచి. టీబీకీ ఫంగస్‌కీ ఫిల్ము మీద పోలిక ఎక్కువ. రెండూ లిగమెంటు కింది నుంచి పాకుతాయి, మధ్యలో ఒక పూస వదిలి ఇంకో పూస పట్టుకుంటాయి, డిస్క్‌ని ఆలస్యంగా తింటాయి. స్టాఫ్ లాంటి చీము బాక్టీరియా అయితే డిస్క్ మొదట్లోనే టీ2లో (నీరు తెల్లగా కనిపించే ఎంఆర్ఐ ఫిల్ములో) తెల్లగా వెలుగుతుంది. ఫంగస్‌లో ఆ వెలుగు రాకపోవచ్చు, డిస్క్ మధ్యలోని నల్ల గీత చెరగకుండా ఉండొచ్చు. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు అయితే ఎండ్‌ప్లేట్ అంచు రంపం పళ్లలా ఉండి, టీ2లో నల్లబడి కనిపించొచ్చు. పలచని గోడ ఉన్న పెద్ద చీము సంచి, అందులో సున్నం పేరుకోవడం టీబీ వైపు మొగ్గుతాయి.

ఇవన్నీ మొగ్గులే, తీర్పులు కావు. నేను ‘ఇన్ఫెక్టివ్ స్పాండిలోడిస్కైటిస్, టీబీ కావచ్చు’ అని రాస్తే మరునాటికి అందులో ‘కావచ్చు’ ఎగిరిపోయి టీబీ కార్డు తయారవుతుంది. ఆ మాట ముక్క తీయమని చెప్పడానికి రాస్తాం.

జ్వరం లేదు, తెల్ల కణాలు మామూలుగా ఉన్నాయి కాబట్టి ఫంగస్ కాదు అనడం కూడా తప్పే. రక్తంలో వాపుని చూపే సీఆర్పీ, ఈఎస్ఆర్ ఒక మోస్తరుగా పెరిగి ఊరుకుంటాయి. షుగర్, స్టెరాయిడ్లు, డయాలసిస్, ఐసీయూలో ఉండి రావడం, మెడలో సెంట్రల్ లైన్, ముందు జరిగిన నడుము ఆపరేషన్ ఉన్నాయా అని అడిగితే ఎక్కువ తెలుస్తుంది. షుగర్ ఉన్న వరి రైతయితే బర్ఖోల్డేరియా అనే బాక్టీరియాని, అది తెచ్చే మెలియాయిడోసిస్‌ని, మరచిపోకండి. అది ఫంగస్ కాదు గానీ ఇదే వేషంలో వస్తుంది.

గోలీల_డబ్బా · మంగళవారం ఉదయం 8:02

జంక్షన్ అడిగిన టీబీ మందుల ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. నా లెక్కలో ఈ చర్చ మొత్తంలో ముఖ్యమైనది అదే.

టీబీ కిట్‌లో రిఫాంపిసిన్ ఉంది. అది లివర్‌లో మందులు విరిచే ఎంజైములను రెచ్చగొడుతుంది. దానితో కలిపి వోరికొనజోల్ ఇస్తే రక్తంలో మందు దాదాపు మిగలదు. ఆ జోడీ పూర్తిగా నిషేధం. ఇసావుకొనజోల్ కూడా అంతే. ఇట్రాకొనజోల్, పోసాకొనజోల్ పడిపోతాయి, ఫ్లూకొనజోల్ కూడా తగ్గుతుంది. రిఫాంపిసిన్ ఆపినా ఆ ప్రభావం రెండు వారాల దాకా పోదు. అంటే సోమవారం టీబీ గోలీలు ఆపి మంగళవారం వోరికొనజోల్ మొదలెడితే మొదటి రెండు వారాలు నీళ్లు తాగించినట్టే. తర్వాత ఎవరో ఎంఆర్ఐ చూసి ‘మందుకు లొంగని ఫంగస్’ అని రాస్తారు. ఫంగస్‌కి మందు అందనే లేదు!

ఏం చేయాలి? టీబీ కాదని తేలితే కిట్ ఆపి, రెండు వారాలు ఎకినోకాండిన్ గానీ లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ (కొవ్వు బుడగల్లో పెట్టిన కొత్త రకం) గానీ నడిపి, ఆ తర్వాత గోలీకి మారడం. ఎముకకి మొదట రెండు వారాలు సూది మందు ఎలాగూ కావాలి, కాబట్టి కాలం వృథా కాదు. టీబీ, ఫంగస్ రెండూ ఉన్నాయి లేదా టీబీని కొట్టేయలేం అంటే: కాండిడాకి కాస్పోఫంగిన్ రోజుకి 50 బదులు 70 మి.గ్రా., ఎందుకంటే రిఫాంపిసిన్ దాన్నీ కాస్త తగ్గిస్తుంది. ఆస్పర్‌జిల్లస్‌కి లైపోసోమల్ ఆంఫో. సీబీనాట్ నెగటివ్ ఒక్కటే చూసి టీబీ లేదనకండి, ఎముకలో క్రిములు తక్కువ ఉంటాయి. హిస్టోపాథాలజీ, 42 రోజుల కల్చర్ రెండూ చూడాలి.

ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, కార్బమజిపైన్‌లదీ ఇదే కథ. మందుల చీటీ అడగకుండా అజోల్ (పేరు చివర ‘కొనజోల్’ ఉన్న మందు) రాయడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

కాజీపేట_జంక్షన్ · మంగళవారం ఉదయం 8:30

ఇది చాలా మందికి తట్టని సంగతి అన్నా. డోసులు కూడా ఒక చోట పెడతారా? 60 కిలోల మనిషి లెక్కన.

గోలీల_డబ్బా · మంగళవారం మధ్యాహ్నం 1:20

ఫ్లూకొనజోల్‌కి వినే కాండిడా: రోజుకి 400 మి.గ్రా., కిలోకి దాదాపు 6 చొప్పున, 6 నుంచి 12 నెలలు. ముందు కనీసం రెండు వారాలు ఎకినోకాండిన్ లేదా కిలోకి 3–5 మి.గ్రా. లైపోసోమల్ ఆంఫో ఇచ్చి దీనికి దిగొచ్చు.

ఫ్లూకొనజోల్‌కి విననిది: కాస్పోఫంగిన్ మొదటి రోజు 70, తర్వాత రోజుకి 50. లేదా మైకాఫంగిన్ 100. లివర్ ఒక మోస్తరుగా దెబ్బతిని ఉంటే కాస్పో 35. తర్వాత ఏ గోలీకి దిగాలన్నదే చిక్కు. వోరికొనజోల్ ఎంఐసీ తక్కువ ఉంటే దానికి దిగొచ్చు. కానీ గ్లాబ్రాటా, ఆరిస్‌లలో ఫ్లూకొనజోల్‌కి మొండికేసింది చాలాసార్లు వోరికొనజోల్‌కీ మొండికేస్తుంది. ‘ఫ్లూకో ఆర్ వచ్చింది, వోరి ఇచ్చేద్దాం’ అనే అలవాటు ఇక్కడే బెడిసికొడుతుంది. అంకె చూసి దిగాలి. ఏ అజోల్ అంకె బాగా లేకపోతే నెలల తరబడి సూది మందే.

ఆస్పర్‌జిల్లస్: వోరికొనజోల్ మొదటి రోజు కిలోకి 6 చొప్పున రెండుసార్లు, అంటే 360–360. తర్వాత కిలోకి 4, అంటే 240 రెండు పూటలా. తక్కువలో తక్కువ 8 వారాలు, ఎముకకి మామూలుగా 6 నెలలు దాటుతుంది. ఫ్లూకొనజోల్ ఆస్పర్‌జిల్లస్ మీద అసలు పనిచేయదు. ఆస్పర్‌జిల్లస్‌లో టెర్రియస్ అనే రకానికి ఆంఫో పనిచేయదు, అందుకే ఆస్పర్‌జిల్లస్‌కీ ఇంటి పేరు ఒక్కటే చాలదు, సొంత పేరు కావాలి. మ్యూకర్‌కి వోరికొనజోల్, ఎకినోకాండిన్‌లు పనికిరావు, మొదటి మందు లైపోసోమల్ ఆంఫోనే. సెడోస్పోరియం అనే బూజు ఆంఫోకి మొండి, వోరికొనజోల్‌కి కొంత వింటుంది. లోమెంటోస్పోరా ప్రొలిఫికాన్స్ దాదాపు దేనికీ వినదు, అక్కడ సర్జన్ కత్తే మందు.

వోరికొనజోల్ ఇచ్చాక రక్తంలో ఎంత ఉందో చూడకపోతే ఇవ్వనట్టే లెక్క. 5 నుంచి 7వ రోజు, పొద్దున గోలీ వేసుకునే ముందు రక్తం తీయాలి. మి.లీ.కి 1 నుంచి 5.5 మైక్రోగ్రాములు ఉండాలి. ఒకే డోసుకి ఒకరిలో 0.4, ఇంకొకరిలో 8 వస్తుంది, ఈ మందుని విరిచే ఎంజైము జన్యువు సీవైపీ2సీ19 తేడా. గోలీ వేసుకున్న రెండు గంటలకు రక్తం తీసి ‘లెవెల్ బాగుంది’ అనుకోవడం అన్నింటికన్నా మామూలు తప్పు. భోజనానికి గంట ముందు గానీ గంట తర్వాత గానీ వేసుకోవాలి, అన్నంతో కలిపితే తక్కువ ఎక్కుతుంది.

షుగర్‌కి గ్లిమిపిరైడ్ వాడేవాళ్లకి వోరి, ఫ్లూకో రెండూ షుగర్‌ని ఉన్నట్టుండి పడేస్తాయి. అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ ఆపండి లేదా రోసువాస్టాటిన్‌కి మార్చండి. ఈసీజీలో క్యూటీ (పెరిగితే గుండె లయ తప్పే కొలత) చూసి మొదలుపెట్టండి. ఇసావుకొనజోల్ మాత్రం క్యూటీని తగ్గిస్తుంది.

డ్రిప్‌స్టాండ్ · మంగళవారం రాత్రి 8:55

డోసులు మీరు రాస్తరు, కలిపేది మేము. జర మా సంగతి కూడ రాస్త.

లైపోసోమల్ ఆంఫో: 60 కిలోల మనిషికి కిలోకి 5 అంటే 300 మి.గ్రా., 50 మి.గ్రా. సీసాలు ఆరు. ఒక్కో సీసాల 12 మి.లీ. స్టెరైల్ వాటర్ పొయ్యాలె. సెలైన్ పోస్తే అక్కడికక్కడ పెరుగు ఇరిగినట్టు ముద్ద కడతది. పోసినంక 30 సెకండ్లు గట్టిగ ఊపాలె, మెల్లగ తిప్పుడు కాదు. పసుపు రంగుల పాలలెక్క, గడ్డలు లేకుంట రావాలె. ఇప్పుడు మి.లీ.కి 4 మి.గ్రా., మొత్తం 75 మి.లీ. దాన్ని డబ్బాల ఇచ్చిన 5 మైక్రాన్ ఫిల్టర్ పెట్టి 5 శాతం డెక్స్ట్రోజ్‌లకు ఎక్కియ్యాలె. 225 మి.లీ. డెక్స్ట్రోజ్ అయితే మొత్తం 300, మి.లీ.కి 1 మి.గ్రా. రెండు గంటలు నడపాలె. అదే లైన్ల అంతకుముందు సెలైన్ పోయి ఉంటే డెక్స్ట్రోజ్‌తోని కడిగి మొదలుపెట్టాలె, అయిపోయినంక కూడ డెక్స్ట్రోజ్‌తోనే కడగాలె.

‘షుగర్ పేషెంటుకు డెక్స్ట్రోజ్ ఎట్ల పెడ్తరు’ అని ఇంటోళ్లు అడుగుతరు. ఒక్కోసారి కొత్త డాక్టరు కూడ సెలైన్ రాస్తడు. 225 మి.లీ.ల ఉన్న చక్కెర 11 గ్రాములు, చిన్న కప్పు అన్నంల అంతకన్న ఎక్కువే ఉంటది. ఇన్సులిన్ సర్దుకుంటే సరిపాయె.

కాస్పోఫంగిన్‌కి ఇది ఉల్టా. దానికి సెలైన్ కావాలె, డెక్స్ట్రోజ్‌ల నిలువది. 250 మి.లీ. సెలైన్‌ల గంట సేపు. మా వార్డుల గోడకు రాసి పెట్టుకోవాల్సిన మాట: ఆంఫోకి గ్లూకోజు, కాస్పోకి సెలైన్.

అన్నిటికన్న భయపడాల్సింది ఒకటుంది. పాత రకం ఆంఫోటెరిసిన్, డియాక్సీకోలేట్ అంటరు, అది కూడ 50 మి.గ్రా. సీసాలనే వస్తది. దాని డోసు కిలోకి 1 దాకనే, 1.5 ఎన్నడు దాటొద్దు. లైపోసోమల్ అనుకొని కిలోకి 5 లెక్కన దాన్ని ఎక్కిస్తే గుండె ఆగిపోతది. కేసు షీట్ల ఉత్త ‘ఆంఫోటెరిసిన్’ అని రాసి ఉంటే కలపకుండ్రి, ఏదో అడుగుండ్రి. ‘లిపిడ్ ఎమల్షన్’ అని ఉన్నది ఇంకో రకం, కలిపే తీరు వేరు, డబ్బాల కాగితం చదవాలె.

మొదలుపెట్టే ముందు వేరే లైన్ల 500 మి.లీ. సెలైన్ పోతే కిడ్నీకి మంచిది. చలి జ్వరం వస్తే వేగం తగ్గియ్యాలె.

గోలీల_డబ్బా · మంగళవారం రాత్రి 9:20

అక్కా, ఇది ప్రింటు తీసి అంటించాలి. ఒక్కటి చేరుస్తా: నడుము నొప్పి పేషెంటు కాబట్టి డైక్లోఫినాక్ సూది పొద్దున, సాయంత్రం నడుస్తూనే ఉంటుంది. ఆంఫోతో అది కలిస్తే నాలుగో రోజుకి క్రియాటినిన్ రెట్టింపు. అమికాసిన్ కూడా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. నొప్పికి పారాసెటమాల్ ఇవ్వండి, చాలకపోతే ట్రమడాల్, కానీ అజోల్ నడుస్తుంటే క్యూటీ చూసుకొని. క్రియాటినిన్, పొటాషియం, మెగ్నీషియం వారానికి రెండు మూడుసార్లు. మెగ్నీషియం సరిచేయకుండా ఎంత పొటాషియం పోసినా నిలవదు.

పత్తి_మిర్చి · బుధవారం ఉదయం 6:40

నేను డాక్టర్ని కాను, వ్యవసాయం చదివినోణ్ని. ఒక అనుమానం. మా దగ్గర వరి పాముపొడకు హెక్సాకొనజోల్ లీటరుకు 2 మి.లీ. లేకుంటే ప్రొపికొనజోల్ 1 మి.లీ. కొట్టమంటం. పసుపు ఆకుమచ్చకు ప్రొపికొనజోల్, మిర్చి కాయకుళ్లుకు టెబుకొనజోల్, డైఫెనొకొనజోల్. పేర్ల చివరన ‘కొనజోల్’ చూస్తుంటే మీ గోలీలకు చుట్టాలే అనిపిస్తున్నది. చేను మీద కొట్టిన దాంతోటి మనిషిల ఫంగస్ మొండికేస్తదా?

సబురాడ్_ప్లేటు · బుధవారం ఉదయం 9:05

మంచి ప్రశ్న అన్నా. చుట్టాలే, సొంత అన్నదమ్ములు. చేను మందూ పేషెంటు మందూ ఫంగస్‌లో కొట్టేది ఒకే ఎంజైముని, దాని జన్యువు పేరు సీవైపీ51ఎ. ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ కుళ్లే గడ్డిలో, ఎరువు కుప్పలో బతుకుతుంది. అక్కడ అజోల్ మందు అలవాటై టీఆర్34/ఎల్98హెచ్ అనే మార్పు వస్తే, ఆ బీజాలు గాలిలో ఊపిరితిత్తిలోకి పోతాయి. ఆ మనిషి జన్మలో అజోల్ గోలీ వేసుకోకపోయినా ఫంగస్ మాత్రం మొండిదే. మన దేశంలో మట్టి నమూనాల్లో ఈ రకం ఉందని 2012లోనే బయటపడింది.

కానీ దీన్ని సాగదీయొద్దు. ఇది ఫ్యూమిగేటస్ సంగతి. మన దగ్గర వెన్నుపూసలో ఫ్లేవస్ అనే ఇంకో ఆస్పర్‌జిల్లస్ కూడా కనిపిస్తుంది. కాండిడా మొండితనం ఎక్కువగా ఆసుపత్రిలో, విపరీతంగా వాడిన మందుల మధ్య పుట్టేది. కాబట్టి వెన్నుపూస కేసు మొండికేసిందని మిర్చి చేనుని తిట్టక్కర్లేదు. మీరు చేయగలిగింది: ఒకే కొనజోల్‌ని వరసగా కొట్టించకండి, మధ్యలో వేరే గుంపు మందు రానివ్వండి. తెగులు మొండికేయకుండా మీరు చెప్పే సలహా కూడా అదే కదా.

పత్తి_మిర్చి · బుధవారం ఉదయం 9:30

గదే చెప్తం సార్, వినేటోళ్లు తక్కువ.

ఎల్ఫోర్_ఎల్ఫైవ్ · బుధవారం రాత్రి 10:10

ఆపరేషన్ ఎప్పుడు అన్నదానికి: కాళ్లలో బలం తగ్గుతున్నా, మూత్రం పట్టు పోయినా ఆగకూడదు. పూసలు కూలి గూని పెరుగుతుంటే, ఎపిడ్యూరల్ (వెన్నుపాము పొర బయట) చీము ఉంటే, సరైన మందు సరైన లెవెల్‌తో నాలుగైదు వారాలు ఇచ్చినా సీఆర్పీ దిగకపోతే కూడా. కేవలం ‘ఆర్’ వచ్చిందని కత్తి పెట్టక్కర్లేదు. పైన చెప్పిన లోమెంటోస్పోరా, మ్యూకర్ లాంటివి వేరు.

చచ్చిన ఎముకలోకి రక్తం పోదు, రక్తం పోని చోటికి మందు పోదు. కాబట్టి రక్తం చిమ్మే ఎముక తగిలేదాకా గీకాలి, పైపైన చీము కడిగి మూసేస్తే మళ్లీ తెరవాల్సి వస్తుంది. పాత స్క్రూలు, రాడ్‌లు ఉన్నచోట కాండిడా జిగురు పొర కట్టుకొని కూర్చుంటుంది. ఆ పొర లోపలికి ఫ్లూకొనజోల్ పనిచేయదు, ఎకినోకాండిన్, లైపోసోమల్ ఆంఫో కొంత నయం. ల్యాబ్‌లో ‘ఎస్’ (లొంగుతుంది) అని వచ్చిన ఫంగస్ మనిషిలో మొండిగా ఉందంటే వదులైన స్క్రూ ఉందేమో చూడండి. వదులైనవి తీయాలి. పూస నిలబడాలంటే కొత్త టైటానియం పెట్టక తప్పదు, దాన్ని గీకి శుభ్రం చేశాకే పెట్టాలి.

ఎముక సిమెంటులో ఆంఫో కలిపి పెట్టేవాళ్లు గమనించండి, అది సిమెంటు నుంచి సరిగా బయటికి రాదు. వోరికొనజోల్ మెరుగ్గా వస్తుంది. ఏదైనా లోపలి మందుకి తోడే గానీ బదులు కాదు.

ఇంకోటి, ఆపరేషన్ అయిన వారంలో బీటా–డీ–గ్లూకాన్ (ఫంగస్ గోడ పదార్థాన్ని వెతికే రక్త పరీక్ష) పంపి ‘పెరిగింది’ అని కంగారు పడకండి. గాయంలో పెట్టిన గాజుగుడ్డ నుంచి, అల్బుమిన్ నుంచి, డయాలసిస్ నుంచి కూడా అది పెరుగుతుంది. మ్యూకర్‌లో అసలు పెరగదు.

ఫిల్ముల_పెట్టె · గురువారం ఉదయం 7:05

ఎంఆర్ఐ మళ్లీ ఎప్పుడు? ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు వద్దు, కొత్త లక్షణం వస్తే తప్ప. మందు పనిచేస్తున్నా ఎముకలో వాపు తెలుపు నెలల పాటు పోదు. చూడాల్సింది చీము సంచి కొలత, ఎపిడ్యూరల్ భాగం. వాటి సైజు తగ్గుతుంటే ఎముక రంగు చూసి మందు మార్చొద్దు.

ఓపీ_టోకెన్ · గురువారం మధ్యాహ్నం 3:40

రక్తంలో కాండిడా పెరిగి ఉంటే కంటి వెనక పరీక్ష, గుండె ఎకో తప్పనిసరి. కంటిలోకి ఎకినోకాండిన్ చేరదు, మెదడు నీళ్లలోకీ చేరదు. ఎపిడ్యూరల్ చీముతో పాటు మెనింజైటిస్ ఉంటే కాస్పో ఒక్కదాని మీద ఆధారపడొద్దు.

నడుములో స్టెరాయిడ్ సూది వేసే క్లినిక్‌ల వాళ్లూ ఈ చర్చ చదవాలి. 2012లో అమెరికాలో కలుషితమైన మిథైల్‌ప్రెడ్నిసొలోన్ సీసాల వల్ల 750 మందికి పైగా ఫంగస్ సోకి 60 మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మందిలో దొరికింది ఎక్సెరోహిలం, గడ్డి మీద బతికే నల్ల బూజు. ఒక సీసా, ఒక సూది, ఒక మనిషి.

ఆరిస్ వస్తే పేషెంటుని వేరే గదిలో పెట్టండి. నేల తుడిచే మామూలు క్వాటర్నరీ అమోనియం ద్రావణం దానికి చాలదు. 5 శాతం హైపోక్లోరైట్ 20 మి.లీ.ని 980 మి.లీ. నీళ్లలో, ఏ రోజుది ఆ రోజే కలిపి వాడండి. బీపీ కఫ్, థర్మామీటర్ ఆ పేషెంటుకే విడిగా. ఇంగ్లండ్‌లో ఒక ఐసీయూలో చంకలో పెట్టే థర్మామీటర్ ప్రోబ్‌ల ద్వారానే పాకింది.

గోలీల_డబ్బా · గురువారం రాత్రి 9:15

ఇంటికి పంపాక వచ్చేవి రెండు చెప్పి ఆపుతా. వోరికొనజోల్ మీద ఉన్నవాళ్లకి ఎండ పడదు. రామగుండం, మంచిర్యాల ఎండలో పది నిమిషాలకే చర్మం కమిలిపోతుంది. పొలం పని సాయంత్రం అయిదు దాటాకే, నిండు చేతుల చొక్కా, తలకు తువాల. గోలీ వేసుకున్న అరగంటకి కళ్లముందు మెరుపులు వస్తాయి, కాసేపటికి పోతాయి. అప్పుడు బండి నడపొద్దు.

రెండోది మోసం చేసేది. నాలుగైదు నెలలకి పక్కటెముకలు, భుజాలు, చేతి వేళ్లు నొప్పులంటారు. ‘ఫంగస్ పాకింది, మందు ఫెయిల్’ అనుకొని ఇంకా పెద్ద మందుకి పోతారు. వోరికొనజోల్‌లో ఫ్లోరిన్ ఉంది, రోజుకి 400 మి.గ్రా. వేసుకుంటే అందులో 65 మి.గ్రా. అదే. దాంట్లో కొంత ఎముక పొరలో పేరుకొని పెరియోస్టైటిస్ (ఆ పొర వాపు) తెస్తుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరుగుతుంది, సీఆర్పీ మాత్రం అంతగా పెరగదు, ఎక్స్‌రేలో ఎముక అంచు మీద ఉన్నిలా కొత్త ఎముక కనిపిస్తుంది. పోసాకొనజోల్‌కి గానీ ఇసావుకొనజోల్‌కి గానీ మార్చితే నొప్పి కొద్ది వారాల్లో తగ్గుతుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ల వాళ్లని భగీరథ నీళ్లే తాగమనండి.

మోడరేటర్ · గురువారం రాత్రి 9:40

ఇన్‌బాక్స్‌లో కొందరు సొంత రిపోర్టులు పంపి డోసు అడుగుతున్నారు. ఇక్కడ ఎవరికీ మందు రాయరు. మీ డాక్టరుకి ఈ చర్చ చూపించండి, చాలు.

కాజీపేట_జంక్షన్ · శుక్రవారం ఉదయం 8:10

ఆఖరి ప్రశ్న. ముక్క మొత్తం ఫార్మలిన్‌లోనే పడిపోయింది, హిస్టోపాథాలజీలో దారాలు కనిపించాయి, కల్చర్ లేదు. పేషెంటు మళ్లీ సూదికి ఒప్పుకోవట్లేదు. ఆ ముక్కని బిగించిన మైనపు బ్లాక్‌తో ఏమైనా చేయగలమా?

సబురాడ్_ప్లేటు · శుక్రవారం ఉదయం 9:25

కొంతవరకు. దారాలు వెడల్పుగా, అడ్డు గోడలు లేకుండా రిబ్బన్‌లా ఉంటే మ్యూకర్ వైపు. సన్నగా, గోడలతో, 45 డిగ్రీల కోణంలో చీలితే ఆస్పర్‌జిల్లస్ అనిపిస్తుంది గానీ ఫ్యుసేరియం, సెడోస్పోరియం కూడా అట్లాగే ఉంటాయి. బ్లాక్ నుంచి పాన్‌ఫంగల్ పీసీఆర్ (ఏ ఫంగస్ డీఎన్ఏనైనా వెతికే పరీక్ష), సీక్వెన్సింగ్ చేయించొచ్చు, హైదరాబాద్‌లో గానీ చండీగఢ్‌లో గానీ ముందు ఫోన్ చేసి అడగండి. ఫార్మలిన్ డీఎన్ఏని ముక్కలు చేస్తుంది కాబట్టి ప్రతిసారీ రాదు, వచ్చినా పేరు వస్తుంది, ఎంఐసీ రాదు.

కోసేటప్పుడు కొత్త బ్లేడు, కొత్త గ్లౌజు. ముందు కణజాలం లేని ఖాళీ మైనపు బ్లాక్ ఒకటి కోసి ఒక గొట్టంలో వేయండి, తర్వాత పేషెంటు బ్లాక్ నుంచి 10 మైక్రాన్ల పొరలు ఐదారు ఇంకో గొట్టంలో. రెండూ పంపండి. ఖాళీ దాంట్లోనూ ఆస్పర్‌జిల్లస్ వస్తే అది మీ మైక్రోటోమ్ (బ్లాక్ కోసే మిషన్) మీది దుమ్ము, పేషెంటు వెన్నుపూసది కాదు.